సామాను నొద్ద నిలిచినవారి పాలు

పాఠ్యభాగము: 1 సమూయేలు 30:1–25, 1 సమూయేలు 17:17, 18

దావీదు సిక్లగునకు తిరిగి వచ్చినప్పుడు ఊరు కాలి బూడిదయై యుండెను. భార్యలు, బిడ్డలు చెరపట్టబడి యుండిరి. ఆరువందలమందిని వెంటబెట్టుకొని అతడు అమాలేకీయులను తరుముచు వెళ్లెను. బెసోరు వాగు నొద్దకు చేరునప్పటికి వారిలో రెండువందలమంది ఇక అడుగు వేయలేక కూలబడిరి. వారు పిరికివారని గ్రంథములో ఎక్కడను లేదు. అలసిపోయిరని మాత్రమే యున్నది. నాలుగువందలమంది వాగు దాటిరి, రెండువందలమంది సామాను కాచుచు ఈవలి గట్టున నుండిపోయిరి. తరువాత పోయినదంతయు దొరకినది, కొల్లసొమ్ము కూడ దొరకినది. అప్పుడు వాగు దాటినవారిలో కొందరు, వీరికి భార్యాబిడ్డల నిచ్చి పంపివేయుడి, సొమ్ములో పాలు ఈయవద్దనిరి. దావీదు ఒప్పుకొనలేదు. యుద్ధమునకు పోయినవానికిని సామాను నొద్ద నిలిచినవానికిని సమానమైన పాలేయని తీర్పు చేసి, దానిని ఇశ్రాయేలీయులకు కట్టడగా నియమించెను.

ఈ నెల మనము ఆ వాగు గట్టున కొంతసేపు నిలిచి, మన తెలుగు పల్లెలనుండి రెండు మహాయుద్ధములకు వెళ్లిన సామాన్యపు కాల్బలపు సిపాయిని గూర్చి ఆలోచింతము. సేనానులను గూర్చి లావుపాటి పుస్తకములు గలవు. తుపాకి మోసినవానిని, వాని వెనుక నీళ్లు మోసినవానిని గూర్చి ఇంటివారు చెప్పుకొనిన మాట తప్ప మరేమియు లేదు. ఆ మాటయు ముసలివారితో కూడ మట్టిలో కలిసిపోవుచున్నది. మన తీరపు సంఘములలో ఏదో యొక యింటి ట్రంకు పెట్టె అడుగున గుడ్డలో చుట్టిన పతకమొకటి ఉండక మానదు. అది ఎవరిదని అడిగితే, మా తాతదట, ఏదో యుద్ధమట అందురు. ఆ రెండు "అట"ల మధ్య ఒక మనుష్యుని నాలుగైదు సంవత్సరములు పడియున్నవి.

తెలుగువానికి సిపాయిపని కొత్తది కాదు. మన తీరమునందే, దుగరాజపట్నమున, ఇంగ్లీషు కంపెనీవారు 1626లో వర్తకపు కొఠీ పెట్టుకొని దానికి కోట కట్టుకొనిరి. అప్పటికి మద్రాసు పట్టణము వారి చేతికి రాలేదు. తరువాత నూరు సంవత్సరములకు పైగా గడచినమీదట, క్లైవు దక్షిణాదినుండి సిపాయిలను ఓడలమీద బంగాళమునకు తీసికొనిపోయినప్పుడు, అచ్చటి జనులు వారిని "తిలంగాలు" అని పిలిచిరి. తెలంగులు, అనగా తెలుగువారు. ఆ పేరు ఎంత పాతుకొనెననగా ఉత్తరాదిలో ఎర్రచొక్కా తొడిగిన సిపాయి ఎవడైనను, వాడు అయోధ్యవాడైనను సరే, తిలంగాయే అయ్యెను.

అయినను ఆ తిలంగా మనుమలకు పంతొమ్మిదవ శతాబ్దపు చివర పటాలములోనికి తలుపు మూయబడినది. 1881 మొదలు 1885 వరకు మద్రాసు సైన్యమునకు అధిపతిగా నుండిన రాబర్ట్సు దొర, ఉత్తరాది జాతులే యుద్ధమునకు పుట్టినవనియు దక్షిణాదివారు పనికిరారనియు తలంచెను. ఆ తలంపు ప్రభుత్వపు తలంపాయెను. తెలుగు పటాలములు ఒక్కొక్కటిగా తగ్గిపోయినవి. ఒక జాతిని పుట్టుకనుబట్టి శూరులనియు మరియొకదానిని పిరికిదనియు వ్రాసిపెట్టుట ఎంత తప్పుడు లెక్కయో, ఊరి వెలుపలి పేటలలో తరములు గడపిన మన జనులకు వేరుగా చెప్పనక్కరలేదు.

1914లో యుద్ధము వచ్చెను. ఆ సెప్టెంబరు 22వ తేది రాత్రి ఎమ్‌డెన్ అను జర్మను ఓడ మద్రాసు రేవు మీద గుండ్లు వేసి నూనె తొట్లను తగులబెట్టెను. అంతవరకు పనికిరారనిన దక్షిణాదివారు అప్పుడు మరల కావలసి వచ్చిరి. సైన్యములో చేరిన సిపాయికి నెలకు 11 రూపాయల జీతము. యుద్ధభూమిలో కొంత బత్తా కలిసినను మూలజీతము అంతే. ఇదే కాలమున ఆస్ట్రేలియా దేశపు సామాన్య సిపాయికి దినమునకు 6 షిల్లింగులు. నాటి మారకపు లెక్కన రూపాయికి షిల్లింగున్నర కూడ పూర్తిగా రాదు, ఒక షిల్లింగు నాలుగు పెన్నీలు. చదువరులు లెక్క వేసి చూడవచ్చును: ఆస్ట్రేలియావాడు రెండున్నర దినములలో సంపాదించినది మనవాడు నెలంతయు సంపాదించెను. 1915లో గల్లిపోలి కొండలలో ఆస్ట్రేలియా సిపాయిలును, భారతదేశపు సిపాయిలును, మన దేశపు కంచరగాడిదలను తోలినవారును ఒకే తీరమున, ఒకే గుండ్ల వానలో నుండిరి. నీళ్లును, తుపాకి గుండ్లును ఆ గాడిదల మీదనే పైకి చేరవలసి యుండెను. తూటా తగిలినప్పుడు అది ఎవని జీతమెంతయని అడుగదు.

ఆస్ట్రేలియావారి పేరు ఎత్తుటకు మరియొక కారణమున్నది. ఆనాడు ఆ దేశమున అందరును కలిసి 50 లక్షలమందియైనను లేరు. వారిలో సుమారు 4,16,000 మంది తమంతట తాము చేరిరి; బలవంతముగా చేర్చుకొను చట్టము కావలెనా యని 1916లోను 1917లోను ఓటు అడుగగా జనులు రెండుసార్లును వద్దనిరి. 60,000 మందికి పైగా తిరిగి రాలేదు. అచ్చట ఏ చిన్న ఊరికి పోయినను కూడలిలో ఒక స్తంభమున్నది, దానిమీద పేర్లున్నవి. ఆ సిపాయి ఎత్తెంత, చేరకముందు గొఱ్ఱెలు కాచెనా, వడ్రంగమా, తల్లి పేరేమి, ఏ తేదిని జ్వరముతో ఆసుపత్రిలో పడెను, ఇవన్నియు వ్రాసిన కాగితములు ప్రభుత్వమువారి దగ్గర భద్రముగా నున్నవి. ఎవరైనను అడిగి చదువుకొనవచ్చును.

మన ఊళ్లలో యుద్ధము తరువాత ప్రభుత్వము వేసినది వేరొక విధమైన రాయి. ఈ ఊరినుండి ఇందరు మహాయుద్ధమునకు వెళ్లిరి, వారిలో ఇందరు ప్రాణములు విడిచిరి అని చెక్కిన పలక అది. మద్రాసు రాజధానిలోను, పంజాబులోను అటువంటి పలకలు అనేక గ్రామములలో గోడలకు తాపడము చేయబడినవి. దానిలో అంకె యున్నది, పేరు లేదు.

పశ్చిమ గోదావరి ప్రాంతమున తాడేపల్లిగూడెము దగ్గర మాధవరమను ఊరున్నది. ఇంటికొకడు చొప్పున సైన్యములో చేరుట ఆచారమైనందున దానిని మిలిటరీ మాధవరమనియే పిలుతురు. మొదటి యుద్ధమునకు 90 మంది, రెండవ యుద్ధమునకు 1,110 మంది తమ ఊరివారు వెళ్లిరని గ్రామస్థులు చెప్పుకొందురు. నేటికిని ఆ ఊరి పిల్లలు పటాలములలో నున్నారు. అచ్చట వాడుక నిలిచినది గనుక జ్ఞాపకమును నిలిచినది. ఒకరిద్దరు మాత్రమే వెళ్లిన ఊరిలో ఆ జ్ఞాపకమును నిలిపెడివారెవరు?

అంకె ఉండి పేరు లేకపోవుట ఊరి పలకతో ఆగిపోలేదు. ఇప్పటి ఇరాకు దేశమునకు ఆనాడు మెసొపొటేమియా యని పేరు. ఆ యుద్ధరంగములో సమాధి తెలియక పోయినవారి కొరకు బస్రాలో గొప్ప గోడ కట్టి 40,000 మందికి పైగా జ్ఞాపకము చేసిరి. ఇంగ్లీషు సిపాయిల పేర్లు ఆ రాతి పలకలమీద వరుసగా నున్నవి. భారతదేశపు సైన్యములో అధికారులైనవారి పేర్లు మాత్రము చెక్కి, మిగిలిన సిపాయిలను పటాలము పేరు క్రింద ఇందరని అంకె వేసి ఊరకుండిరి. ఆ గోడను 1997లో సద్దాం హుసేను ప్రభుత్వము రేవునుండి ఊడదీసి ఎడారిలో నిలువబెట్టెను. తూర్పు ఆఫ్రికాలోను ఇట్లే జరిగినది. యుద్ధసమాధులను కాచు కామన్‌వెల్తు సంఘమువారు 2021 ఏప్రిలులో తామే విచారణ చేయించుకొని, మొదటి యుద్ధములో మరణించిన భారతీయులు, ఆఫ్రికావారు మొదలైనవారిలో 45,000 మొదలు 54,000 మంది వరకు తక్కిన వారితో సమానముగా జ్ఞాపకము చేయబడలేదనియు, లక్షకు పైబడినవారు పేరుతో గాని, అసలే గాని జ్ఞాపకము చేయబడక యుండవచ్చుననియు ఒప్పుకొని క్షమాపణ కోరిరి. నూరేండ్లకు ఒప్పుకొనిరి, అదియు మేలే.

పతకములో కూడ ఇదే భేదము. ఆ యుద్ధముయొక్క ముఖ్యమైన పతకము తుపాకి పట్టినవారికి వెండితో చేయబడెను; అందులో రెండు తులములకు పైగా వెండి యుండెను. లేబరు కోరులలో చేరి రోడ్లు వేసినవారికిని, బరువులు మోసినవారికిని అదే అచ్చుతో అదే బొమ్మతో కంచుపతకమిచ్చిరి. సామాను నొద్ద నిలిచినవారికి సమానమైన పాలని దావీదు వేసిన కట్టడను ఆదివారము గుడిలో చదివిన దొరలే సోమవారము ఈ పని చేసిరి. అయినను ఒక మాట చెప్పవలెను: వెండిపతకములనేకము కరవు సంవత్సరములలో కంసాలి మూసలో కరగిపోయినవి. కంచువి కొననివాడు లేక ఇంటనే మిగిలినవి.

ఇక రెండవ యుద్ధమునకు వత్తము. ఇది మన తీరమునకు మరింత దగ్గరగా వచ్చినది. 1942 మార్చి 8న జపానువారు రంగూను పట్టుకొనిరి. అంతకుముందే బర్మాలో కూలికి పోయిన తెలుగువారు వేలకొలదిగా అడవిదారిని నడచి వచ్చుచుండిరి. దారిలో పడిపోయినవారిని లెక్కించినవారు లేరు. ఆ సంవత్సరము పునరుత్థాన పండుగ ఏప్రిలు 5. మరునాడు సోమవారము జపాను విమానములు విశాఖపట్నము మీదను కాకినాడ మీదను బాంబులు వేసెను. బంగాళాఖాతములో సరుకు ఓడలు అనేకము మునిగెను. మద్రాసు జనులు మూటలు కట్టుకొని పట్టణము విడిచిపోయిరి. బర్మా బియ్యము రావడము నిలిచిపోయి ధాన్యపు ధర పెరిగెను. కైలు కూలిమీద బ్రదుకువాని యింట మొదట ఆరిపోవునది పొయ్యియే.

మనవారు సైన్యములో ఎందుకు చేరిరని అడిగెడి పిల్లలకు ఇదియే సగము జవాబు. కొందరు సాహసము కోరి వెళ్లిరి, కొందరు అన్న వెళ్లెనని వెళ్లిరి. ఎక్కువమంది ఆకలి చేత వెళ్లిరి. మొదట నెలకు 16 రూపాయలు, రెండుపూటల అన్నము, కాళ్లకు జోడు. చెప్పులు తొడిగికొని పెద్దవీధిలో నడువకూడదని కట్టడి యున్న పల్లెలనుండి వెళ్లినవానికి ప్రభుత్వము బూట్లు తొడిగి కవాతు చేయించినది. ఈ ఒక్క సంగతిని జీతముకంటె పెద్దదిగా ఎంచిన ముసలి సిపాయిలను మేమెరుగుదుము.

1942 ఆగస్టులో దేశమంతట స్వాతంత్ర్యోద్యమము చెలరేగుచుండగా తెల్లరాజు సైన్యములో చేరుట సరియా యని కొందరు అడుగుదురు. అడుగదగిన ప్రశ్నయే. సింగపూరులో 1942 ఫిబ్రవరి 15న చెరపట్టబడిన వేలాది భారతీయ సిపాయిలలో కొందరు సుభాసుబాబు సేనలో చేరిరి. మరికొందరు చేరక చెరలోనే యుండిరి. వారిలో అనేకులను జపానువారు న్యూగినీ, న్యూబ్రిటను దీవులకు ఈడ్చుకొనిపోయి పనిచేయించిరి. 1945లో ఎముకలగూళ్లై మిగిలినవారిని విడిపించినది ఆస్ట్రేలియా సిపాయిలే. ఒకే పటాలములోని ఇద్దరు అన్నదమ్ములు రెండు దారుల పోయిన కాలమది. బాప్తిస్మమిచ్చు యోహాను దగ్గరకు సిపాయిలు వచ్చి మేమేమి చేయవలెనని అడిగినప్పుడు (లూకా 3:14) అతడు వారి జీతమును గూర్చియు, బీదలను పీడింపకుండుటను గూర్చియు మాటలాడెను. వారి రాజెవరని విచారింపలేదు. మేమును అంతటితో ఊరకుందుము.

1939లో రెండు లక్షలకు అటునిటుగా నున్న భారత సైన్యము 1945 నాటికి 25 లక్షలాయెను. వీరిలో బలవంతముగా తేబడినవాడు లేడు. 1920 తరువాత పొదుపు పేరున మద్రాసు కాల్బలపు పటాలములన్నిటిని 1928 నాటికి ఎత్తివేసియుండిరి. ఈ యుద్ధములో మద్రాసు రెజిమెంటును మరల నిలువబెట్టవలసి వచ్చెను. తెలుగువారు, తమిళులు, మలయాళీలు ఒకే పటాలములో చేరిరి. కోయంబత్తూరు దగ్గర మదుక్కరైలో శిక్షణము. 1947లో ఆ కేంద్రము నీలగిరులలోని వెల్లింగ్టనుకు మారినది, నేటికిని అచ్చటనే యున్నది.

కావలిలోనో, గూడూరులోనో రైలెక్కిన కుఱ్ఱవాడు అంతకు ముందు బకింగుహాము కాలువలో ఉప్పుపడవ తప్ప మరేమియు ఎక్కియుండడు. పటాలములో పై అధికారి మాట ఉర్దూలో గాని ఇంగ్లీషులో గాని వచ్చును. ప్రక్కవాడు తమిళములో తిట్టును. ఆరు నెలలలో మూడును అర్థమగును.

యుద్ధమనగానే మనము తుపాకి మ్రోతను తలంతుము. కాల్బలపు సిపాయి దినములలో అది మిక్కిలి కొంచెము. మిగిలినదంతయు నడక, మోత, త్రవ్వుట, ఎదురుచూచుట. బర్మా సరిహద్దు కొండలలో దారి అను మాటకు అర్థము మోకాలిలోతు బురద. వీపున మూట, భుజమున తుపాకి, నడుమున నీళ్ల సీసా, పార. చీకటి పడకముందే కందకము త్రవ్వుకొనవలెను. మన తీరమున ఇసుకలో దొరువు త్రవ్వగా రెండు మూరలలోనే నీరూరును గదా, వానకాలమున ఆ కందకములు అట్లే ఊరును. అందులో కూర్చుండియే నిద్ర. జలగలు బూటు కంతలలోనుండి దూరును. 1944లో కొహిమా, ఇంఫాలుల యొద్ద శత్రువు దారులు మూసినప్పుడు అన్నము ఆకాశమునుండి పడవలసి వచ్చెను. విమానములు మూటలను గొడుగులకు కట్టి విడిచెడివి. అవి సరియైన చోట పడినప్పుడు మన్నాయే. శత్రువు వైపు పడిన దినమున పస్తు.

తూటాకంటె దోమ పెద్ద శత్రువు. 1943లో ఆ రంగమున గాయముతో ఆసుపత్రికి పోయిన ప్రతి యొక్కనికిని రోగముతో పోయినవారు 120 మంది యని సేనాధిపతి స్లిము తన గ్రంథములో వ్రాసియున్నాడు. చలిజ్వరము, జిగట విరేచనములు, గడ్డిపురుగు కాటువలన వచ్చు జ్వరము. మెపాక్రిన్ అను పచ్చని మాత్ర దినమునకొకటి మ్రింగవలెను; మ్రింగినవాని చర్మము పసుపు పూసినట్లగును. మాత్ర మ్రింగితే మగతనము పోవునని ఒక వదంతి పుట్టి సిపాయిలు దానిని నాలుక క్రింద దాచి ఉమియుచుండిరి. అందుచేత అధికారులు ఎదుట నిలువబడి మ్రింగించి నోరు తెరిపించి చూచిరి. ఆ పని సరిగా చేయని ముగ్గురు పటాలపు అధిపతులను స్లిము పనినుండి తీసివేసెను. 1945 నాటికి జ్వరము లొంగినది. ఆ మార్చి 20న మాండలే, మే 3న రంగూను వారి వశమాయెను. ఇంతకును గెలిపించినది ఏమనగా, మాత్రయు, పారయు, గాడిదయు అని చెప్పిన తప్పు లేదు.

ఇక్కడ మన పాఠ్యభాగమునకు ఒకమారు తిరిగి పోవుదము. దావీదు మనుష్యులకు పొలములో ఒక ఐగుప్తీయుడు దొరకెను. వాడు అమాలేకీయుని దాసుడు. జబ్బుపడెనని యజమానుడు మూడు దినముల క్రిందట వానిని విడిచిపోయెను. దావీదు వానికి రొట్టె, నీళ్లు, అంజూరపు అడ, ద్రాక్షపండ్లు పెట్టించి ప్రాణము తెప్పించిన తరువాతనే నీవెవని వాడవని అడిగెను. రోగియైన సేవకుని దారిలో విడుచుట అమాలేకీయుని పద్ధతి. 1942 బర్మా దారులలో ఇది వందలసార్లు జరిగినది. అటువంటివారిని భుజముమీద మోసికొనివచ్చిన సిపాయిలును, కూలీలును కలరు. వారికి పతకములు రాలేదు.

వాగు ఈవలి గట్టున మరియొకరుండిరి, వారిని మరువరాదు. యెష్షయి తన ముగ్గురు పెద్ద కుమారులు యుద్ధమునకు పోగా వేయించిన ధాన్యమును, పది రొట్టెలును, వారి అధిపతికి పది జున్నుగడ్డలును దావీదు చేతికిచ్చి పంపెను. వారి క్షేమము తెలిసికొని గురుతు తెమ్మనెను. గొల్యాతును గూర్చి చెప్పు ఆతురతలో మనము ఈ మూటను దాటిపోవుదుము. మా ఎన్నికలో ఇది ఆ అధ్యాయములోని మంచి మాటలలో నొకటి. మన ఇండ్లలో మూట పంపుటకు దారి లేదు. బర్మాకు పేలపిండి చేరదు. ఎదురుగా జీతములో కొంత భాగము మనియార్డరుగా ఇంటికి వచ్చును. పోస్టు జవాను ఊరిలోనికి రాగానే గుండె ఆగును, ఎందుకనగా రూపాయలు తెచ్చువాడును చావుకబురు తెచ్చువాడును ఒకడే. ఉత్తరము వచ్చినయెడల బడిపంతులు గాని, సంఘకాపరి గాని చదివి వినిపించవలెను. ఎచ్చటనుండి వ్రాసెనో ఆ ఊరి పేరును సెన్సారువారు నల్లసిరాతో కొట్టివేసియుందురు. బాగున్నాను అనుటయే దానిలో ముఖ్యము. ఆ మాట తేది చూచుకొని, అది వ్రాసి నెలయైనదే, నేడు ఎట్లున్నాడో యని తల్లి మరల ఏడ్చును. పొలముపని, పిల్లల జబ్బు, షావుకారు వడ్డీ, అన్నియు ఆమెమీద పడినవి. బెసోరు వాగు నొద్ద నిలిచినవారి లెక్కలో ఆమెను చేర్చకపోయినయెడల మనము ఆ పాఠమును చదువలేదనియే అర్థము.

రెండవ యుద్ధములో పోయిన భారత సిపాయిలు 87,000 మంది. ఈసారి పేర్లు కొంత మేలుగా నిలిచినవి. రంగూను దగ్గర తౌక్యాన్‌లో సమాధి తెలియనివారి పేర్లు సుమారు 27,000 రాతిస్తంభములమీద చెక్కబడియున్నవి. కొహిమా కొండమీది సమాధులు 1,420. దహనము చేయబడిన హిందువులు, సిక్కులు 917 మంది పేర్లు వేరుగా నొక జ్ఞాపకస్తంభముమీద నున్నవి. క్రైస్తవ సిపాయియని తెలిసినచోట సమాధిరాతిమీద శిలువ గురుతు చెక్కిరి. మనకు దగ్గరది మద్రాసు నందంబాక్కములోని యుద్ధ సమాధుల తోట, 1952లో ఏర్పరచినది. నెల్లూరునుండి ఒక దినములో పోయి రావచ్చును. పచ్చిక, రాళ్లు, వరుసలు. అధికారికిని సిపాయికిని ఒకే ఎత్తు రాయి. ఆ సమాధుల సంఘమువారి పట్టీలలో సిపాయి పేరు, సంఖ్య, పటాలము, మరణించిన తేది యుండును. తెలిసినచోట తండ్రి పేరు, ఊరు, జిల్లా కూడ యుండును. ఇప్పుడు ఆ పట్టీలను కంప్యూటరులో ఎవరైనను వెదకవచ్చును. కుఱ్ఱవాండ్లకు ఇది గడియ పని.

పంజాబువారు ఇంతకంటె ముందుకు పోయిరి. మొదటి యుద్ధములో చేరినవారి పట్టీలు గ్రామము వెంబడి గ్రామముగా వ్రాసినవి, లాహోరు మ్యూజియములో దాదాపు నూరేండ్లు దుమ్ములో పడియుండగా, 2021లో మూడు జిల్లాల పేర్లు బయటపెట్టబడినవి. ఎవని ముత్తాత ఎక్కడ పోయెనో ఊరివారు ఇప్పుడు చదువుకొనుచున్నారు.

మన సంఘములలో బాప్తిస్మపు పుస్తకము, వివాహపు పుస్తకము, సమాధుల పుస్తకము ఉన్నవి. అందులో ఒక ఖాళీ పుట చాలును. కోతపండుగకు ముందు సంఘపెద్దలు ఇంటింటికి పోవునప్పుడు ఈ సంగతి కూడ అడుగుడి. ముసలివారిలో ముందుగా స్త్రీలను అడుగుడి. మగవారు పటాలము పేరు చెప్పుదురు, స్త్రీలు ఏ సంవత్సరము ఏ నెలలో మనియార్డరు ఆగెనో చెప్పుదురు. సైన్యములో పనిచేసినవాని పేరు, తండ్రి పేరు, ఊరు, పటాలము, ఎప్పుడు పోయెను, ఎప్పుడు తిరిగివచ్చెను లేక రాలేదు అని వ్రాసికొనుడి. వంటవానిగా, నీళ్లవానిగా, చాకలిగా, రోడ్డు కూలిగా పోయినవారిని వదలవద్దు. వానిని వాని ఇంటివారే సిపాయి కాదని చెప్పుదురు, అయినను వ్రాయుడి. డిశ్చార్జి కాగితమున్నయెడల దానిలో సగము సంగతి దొరకును. చెదలు తినకముందే నకలు వ్రాయించుకొనుడి.

పతకమున్నయెడల బొమ్మను చూచి ఆగక అంచును చూడుడి. మొదటి యుద్ధపు వెండి, కంచు పతకముల అంచుమీద సన్నని ఇంగ్లీషు అక్షరములతో సంఖ్య, హోదా, పేరు, పటాలము చెక్కబడి యుండును. సంఖ్య ముందు వచ్చును. దాని తరువాత సెపాయి, నాయకు, హవల్దారు, లేక ఫాలోయరు అని యుండును. ఫాలోయరనగా సేన వెంబడి పోయిన సేవకుడు. పేరు మన పలుకుబడి ప్రకారముండదు. గుమాస్తా తన చెవికి తోచినట్లు వ్రాసికొనెను గనుక వెంకయ్య వెంకటస్వామియు, యేసుదాసు జేసుదాసును అయియుండవచ్చును. పగటివేళ ఎండలో అడ్డముగా పట్టుకొని భూతద్దముతో చూచిన కనబడును. చింతపండుతో తోమవద్దు, ఆ అక్షరములు లోతు లేనివి, రెండు పండుగలు తోమితే అరిగిపోవును.